బాలింత మనసు, ఐపీటీ శిక్షణ – 5వ పాఠం: “పట్టించుకోరు” అంటే ఏం జరిగినట్టు?

ఐపీటీ (ఇంటర్‌పర్సనల్ సైకోథెరపీ) అంటే దిగులుకు, అంటే డిప్రెషన్‌కు, మనుషుల మధ్య బంధాల వైపు నుంచి చేసే మాటల చికిత్స. ఈసారి పాత్రల తగువులోని, అంటే ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు వేర్వేరుగా ఆశించడంలోని, మూడు దశలు చెప్పాలనుకున్నాను. మీరు పంపిన నాలుగో పాఠం అభ్యాసాలు చదివాక వాటిని వచ్చే పాఠానికి వాయిదా వేశాను. బంధాల వలయాలు, అంటే కేసులోని బాలింతకు ఎవరెంత దగ్గరో చూపే బొమ్మలు, అందరూ శ్రద్ధగా గీశారు. వాటి కింద మాత్రం దాదాపు అందరూ ఒకే వాక్యం రాశారు: “సమస్య – అత్తగారితో పాత్రల తగువు.”

నేనిచ్చిన కేసు మళ్లీ చదవండి. తొలికాన్పు. పురుడు పుట్టింట్లో. ఐదో నెలలో బిడ్డనెత్తుకుని అత్తవారింటికొచ్చింది. ఆ వారం నుంచే నిద్ర లేదు, అన్నం సయించదు. అత్తగారి నోరు పెళ్లయిన నాటి నుంచీ అంతే, అప్పట్లో ఈ అమ్మాయి తట్టుకుంది. మరి ఇప్పుడు కొత్తగా వచ్చిందేమిటి? రాత్రిళ్లు బిడ్డను అందుకునే అమ్మ పక్కన లేదు. ఉద్యోగం మానేసింది. నలుగురిలో తన పేరు పోయి “బాబు వాళ్లమ్మ” అయింది. నా లెక్కలో ఇది పాత్ర మార్పు, అంటే పాత స్థానం పోయి కొత్త స్థానంలో కుదురుకోవాల్సి రావడం. తగువు ఉంటే ఉండొచ్చు, కానీ దిగులు దాంతో మొదలవలేదు. తగువైతే ఎవరు ఎవరి నుంచి ఏం ఆశిస్తున్నారో తేల్చాలి. పాత్ర మార్పైతే ముందు పోగొట్టుకున్నదాని గురించి ఆమెను తనివితీరా చెప్పనివ్వాలి. ఆ తర్వాతే కొత్త ఆసరాలు వెతకాలి.

నా పద్ధతి ఇది: కాగితం మీద రెండు గీతలు, పైన దిగులు, కింద సంఘటనలు, రెండింటికీ తేదీలు. అది పూర్తయ్యేదాకా వలయం జోలికి వెళ్లను. వలయంతోనే మొదలుపెట్టే గురువులూ ఉన్నారు, అదీ తప్పేం కాదు. మన దగ్గరున్న సమయం మాత్రం కొంచెం. ఓహారా బృందం అయోవాలో 120 మంది బాలింతలతో చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో చికిత్స మొత్తం 12 వారాలే. దారి తప్పి మూడు వారాలు పోతే పావు వంతు పోయినట్టే.

బాలింత దిగులును పసిగట్టే పది ప్రశ్నల ఈడిన్‌బరో ప్రశ్నావళి మీకు తెలిసిందే. తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించి అడిగే పదో ప్రశ్నకు సున్నా మార్కు కాకుండా ఏ జవాబు వచ్చినా ఆ రోజు ఇక వేరే పాఠం లేదు, ఆమె భద్రతే పని.

ఇక నన్ను బాగా ఇబ్బంది పెట్టిన సంగతి. “ఆయన అసలు పట్టించుకోరండీ” అని భర్త గురించి ఆమె అనగానే మీరంతా అడిగింది: “మీకెలా అనిపించింది?” “బాధేసింది” అంటుంది. తర్వాత? ఇద్దరూ అక్కడే ఆగిపోతారు. “పట్టించుకోరు” అన్నది ఆమె తేల్చుకున్న తీర్పు. మనకు కావలసింది ఆ రోజు జరిగిన సంగతి. ఏ రోజు? ఎన్ని గంటలకి? బిడ్డ ఎవరి దగ్గరుంది? ముందు నోరు తెరిచిందెవరు? అచ్చం ఏమన్నారు?

“మంగళవారం రాత్రండీ, రెండయ్యుంటుంది. బాబు గుక్కపట్టాడు. నేను గట్టిగా నిట్టూర్చి లేచాను.”
“ఆయనతో ఏమన్నారమ్మా?”
“ఏమీ అనలేదు. ఆయనకే తెలియాలి కదండీ.”
“అప్పుడాయన?”
“అటు తిరిగి పడుకున్నారు. పొద్దున నేను గిన్నెలు టకటకా పెడుతుంటే ‘ఏమైంది?’ అన్నారు. ‘ఏం కాలేదు’ అన్నాను.”

చూశారా, సాయం అడిగింది నిట్టూర్పు, కోపం చెప్పింది గిన్నెలు. మాట ఎక్కడా లేదు. అలాగని “మీరు అడగలేదుగా” అని మాత్రం అనకండి, ఆ ఒక్క మాటతో ఆమె మళ్లీ రాదు. బిడ్డ ఏడుపు విని అటు తిరిగిన మనిషి వంతూ ఇందులో ఉంది. “అటు తిరిగి పడుకున్నారు” దగ్గర ఆగండి. మనసు సంగతి అక్కడ అడగండి: “ఆ క్షణాన ఆయన ఏం చేసుంటే బాగుండేదనిపించింది?” “బాబుని పది నిమిషాలు ఎత్తుకుంటే చాలండీ” అంటుంది. ఆ పది నిమిషాలను ఆయన్నెలా అడగాలో మీ ముందే రెండుసార్లు చెప్పించండి. నిట్టూర్పు కాకుండా మాట రావాలి.

“అత్తయ్య నన్ను పురుగులా చూస్తారు” అన్నా ఇదే దారి. తవ్వితే ఒక్కోసారి “పాలు చాలట్లేదేమో, డబ్బా పాలు పట్టు” అన్న ఒక్క మాట బయటపడుతుంది. ఒక్కోసారి నిజంగానే క్రూరమైన మాటలు బయటపడతాయి. ఇంట్లో కొడతారన్న భయం ఏమాత్రం కనిపించినా, ఎదురుగా కూర్చుని మాట్లాడమని ఆమెను సిద్ధం చేయకండి. భద్రత తేలాకే ఈ పాఠం.

అభ్యాసం: ఈ వారం మీ ఇంట్లో మీకే ఎదురైన ఒక మాటపట్టింపు రాయండి. కనీసం 12 మాటలు, ఎవరు ఏమన్నారో అచ్చంగా అలాగే. “ఎప్పుడూ”, “అసలు”, “ఎవరూ” అన్న పదాలు ఒక్కసారి కూడా రాకూడదు. మాట బదులు చేసిన పని ఉంటే, ఆ గిన్నెల చప్పుడులాంటిది, దాని కింద గీత గీయండి. తర్వాత పాత కేసుకు రెండు గీతలూ తేదీలతో వేసి, సమస్య వాక్యం తిరగరాసి రెండూ కలిపి పంపండి.