పాత ఫోటోలు పంపేటప్పుడు బోర్డులు కూడా కనబడాలంటే

చిక్కడపల్లి పాత ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెడితే మనుషులు కనబడతారు గానీ, వెనక షాపు బోర్డు చదవలేం. మామూలుగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది.

పగటిపూట కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట ఫోటోను బల్ల మీద పరిచి, ఫ్లాష్ ఆపి, సరిగ్గా పైనుంచి తీయండి. వెనకవైపు రాత ఉంటే అదీ తీయండి. తాతయ్య చేతిరాతలో తేదీ, వీధి పేరు దొరకొచ్చు. పంపేటప్పుడు సైజు తగ్గకుండా ‘డాక్యుమెంట్’ ఎంచుకోండి. బోర్డు మీది పేరు చదవగలిగితే చాలు, ఆ సందులో ఎవరెవరు ఉండేవారో అత్తయ్యలే చెప్పేస్తారు. ఆ కబుర్లు వాయిస్ మెసేజ్‌లో పెట్టమనండి.

అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను మాత్రం పీకొద్దు, బొమ్మ పొర ఊడొస్తుంది. ఫ్రేమ్‌తోనే, అద్దం మెరుపు పడకుండా కాస్త పక్కనుంచి తీయండి.