పరిశోధనల భద్రత మీద స్టడీకి ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాంటు: ప్రపోజల్ ఎలా రాయాలి

అమెరికా యూనివర్సిటీల్లో ఉన్న మనవాళ్లకి ముందు వచ్చే సందేహం ఇదే: హెచ్‌1బి మీద ఉన్నాను, ఈ గ్రాంటుకి నేను ప్రపోజల్ పెట్టొచ్చా? పెట్టొచ్చు. అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) గ్రాంటు ఇచ్చేది మనిషికి కాదు, సంస్థకి. పీఐకి, అంటే ప్రాజెక్టుకి బాధ్యత వహించే ప్రధాన పరిశోధకుడికి, అమెరికా పౌరసత్వం ఉండాలన్న షరతు లేదు. కాకపోతే కొన్ని యూనివర్సిటీలు పోస్ట్‌డాక్‌లని పీఐగా ఒప్పుకోవు, ఆ సంగతి మీ యూనివర్సిటీలో గ్రాంట్ల వ్యవహారాలు చూసే స్పాన్సర్డ్ ప్రోగ్రామ్స్ ఆఫీసులో ముందే కనుక్కోండి.

ఈ ప్రోగ్రామ్ పేరు రీసెర్చ్ ఆన్ రీసెర్చ్ సెక్యూరిటీ. ల్యాబుకి కెమెరాలు, ఫైర్‌వాల్‌లు కొనుక్కోవడానికి ఇచ్చే డబ్బు కాదిది. పరిశోధన ఏ దారిన చేతులు మారుతోంది, దాన్ని ఎలా పసిగట్టాలి, అడ్డుకోవడానికి పెట్టిన నిబంధనలు అసలు పనిచేస్తున్నాయా, ఇవి తేల్చే స్టడీలకి ఇస్తారు.

కష్టమంతా ప్రశ్న దగ్గరే. "విదేశాల నుంచి ముప్పు పెరిగింది" అని రెండు పేజీలు నింపితే రివ్యూయర్‌కి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. అదే, 2018 నవంబరులో మొదలై 2022 ఫిబ్రవరిలో ముగిసిన చైనా ఇనిషియేటివ్ (చైనా కోసం రహస్యాలు, టెక్నాలజీ దొంగిలిస్తున్నారన్న అనుమానాల మీద అమెరికా న్యాయశాఖ కేసులు పెట్టిన కార్యక్రమం) వల్ల ఫలానా రంగంలో రెండు దేశాల వాళ్లు కలిసి రాసే పేపర్లు ఎంత తగ్గాయి, అందులో కోవిడ్ ప్రభావాన్ని ఎలా విడదీస్తారు అని అడగండి, అది కొలవగలిగే ప్రశ్న. పేపర్ల డేటా ఓపెన్‌అలెక్స్ అనే పరిశోధనా పత్రాల డేటాబేస్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆ కార్యక్రమం కింద ప్రొఫెసర్ల మీద పెట్టిన కేసుల్లో చాలావరకు గూఢచర్యం కాదు, విదేశీ సంబంధాలు వెల్లడించలేదన్న ఆరోపణలే, ఎంఐటీ ప్రొఫెసర్ ఒకరి మీద 2021 జనవరిలో పెట్టిన కేసుని 2022 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. అందుకే నా మాట వినండి, భద్రత వల్ల వచ్చే లాభంతో పాటు దాని నష్టాన్ని కూడా కొలుస్తామని ప్రపోజల్‌లోనే రాయండి. 2019లో జేసన్ బృందం (అమెరికా ప్రభుత్వానికి సలహాలిచ్చే స్వతంత్ర శాస్త్రవేత్తల బృందం) ఎన్‌ఎస్‌ఎఫ్‌కి ఇచ్చిన రిపోర్టు తప్పకుండా చదవండి, వెల్లడి లోపాల్ని పరిశోధనా నిజాయితీలో భాగంగా చూడాలని అందులో చెప్పారు.

యూనివర్సిటీ లోపలి రికార్డులు కావాలంటే ఇప్పుడే అడగండి. యూనివర్సిటీ ఆఫీసులు వాటిని అంత తేలిగ్గా ఇవ్వవు, ఇస్తామన్నాక కూడా ఐఆర్‌బీ (మనుషుల మీద చేసే పరిశోధనల్ని పరిశీలించే యూనివర్సిటీ కమిటీ) అనుమతికి టైం పడుతుంది.

రాయడం మొదలుపెట్టే ముందు మీ ఆలోచనని ఒక్క పేజీలో పెట్టి ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి మెయిల్ చేయండి. మొహమాటం వద్దు, ఇలాంటి మెయిల్స్ చూడటం వాళ్ల పనే. ప్రోగ్రామ్ ఇప్పుడు తెరిచి ఉందా, మీ ఐడియా అందులో ఇముడుతుందా అనేది అక్కడే తేలిపోతుంది.

చివరగా ఫారాలు. బయోస్కెచ్ (మీ చదువు, ఉద్యోగాల క్లుప్త వివరాలు), ఇతర నిధుల వివరాలు సైఎన్‌సీవీ అనే ఆన్‌లైన్ టూల్‌లో తయారుచేయాలి. హైదరాబాద్‌లోనో తిరుపతిలోనో ఏదైనా సంస్థలో విజిటింగ్ పదవి ఉంటే, జీతం లేకపోయినా సరే, దాచకుండా రాయండి.