పరిచయ వ్యాసం రాయడం – 4వ పాఠం: ఊరికి దక్కే వాటా ఎంత?

మూడో పాఠంలో తేదీల సంగతి చూశాం. ఈసారి ఊరి సంగతి. ప్రముఖుల పరిచయాల్లో చాలామంది మొదటి వాక్యంతోనే చేతులు దులుపుకొంటారు. ఫలానా ఏడాది ఫలానా ఊళ్లో జన్మించారు అని రాస్తారు, ఆ ఊరు మళ్లీ కనిపించదు. ఒక ప్రాంతపు ప్రముఖుల గురించి రాసేటప్పుడు ఇది కుదరదు. పుట్టుక, పెంపకం, పని – ఈ మూడింటిలో ఆ నేల వాటా ఎంతో తేల్చుకున్నాకే కలం పట్టాలి.

సాధనకు ఫ్రాన్స్ తూర్పు అంచున స్విట్జర్లాండ్‌ను ఆనుకుని ఉన్న ఫ్రాంష్-కోంతెను తీసుకుందాం. అక్కడి పెద్ద నగరం బెజాన్సోన్. ఫ్రెంచ్ రచయిత విక్టర్ హ్యూగో 1802లో పుట్టింది అక్కడే. తండ్రి సైనికాధికారి. ఆయన ఉద్యోగరీత్యా ఆ కుటుంబం అక్కడ ఉంది. బిడ్డకు రెండు నెలలైనా నిండకముందే ఊరు విడిచింది. కాబట్టి ‘బెజాన్సోన్ గర్వించదగ్గ బిడ్డ’ వంటి మాటలు ఇక్కడ దండగ. ‘తండ్రి కొలువు వల్ల బెజాన్సోన్‌లో పుట్టారు’ అంటే నిజం మొత్తం వచ్చేస్తుంది. అయితే 1831లో అచ్చయిన కవితల్లో హ్యూగో తన పుట్టుకను చెప్పుకొంటూ ఆ ఊరిని పాత స్పానిష్ పట్టణం అన్నారు. ఒకప్పుడు ఆ ప్రాంతం స్పెయిన్ రాజుల ఏలుబడిలో ఉండేది. ఇలాంటి సొంత ప్రస్తావన దొరికితే వదలకండి. బంధం పలచనే అయినా చెప్పడానికి ఒక వాక్యం దొరుకుతుంది.

సినిమా తొలినాళ్ల మార్గదర్శకులు ల్యూమియేర్ సోదరులదీ ఇంచుమించు ఇదే కథ. పుట్టింది బెజాన్సోన్‌లో, 1870 నుంచి కాపురం లియోన్‌లో, సినిమా పనీ లియోన్‌లోనే. ఒక్క వాక్యం చాలు.

చిత్రకారుడు గుస్తావ్ కూర్బే దగ్గర మాత్రం తొందరపడకూడదు. 1819లో ఒర్నాన్‌లో పుట్టారు. పారిస్‌లో పేరు తెచ్చుకున్నా చూపు సొంత ఊరి మీదే. ‘ఒర్నాన్‌లో అంత్యక్రియలు’ అనే చిత్రం మూడు మీటర్లకు పైగా ఎత్తు, ఆరున్నర మీటర్లకు పైగా వెడల్పు. రాజులకూ యుద్ధాలకూ కేటాయించే ఆ కొలతలో ఆయన గీసింది తన ఊరివాళ్లను. తండ్రి, చెల్లెళ్లు, ఊరి మేయర్ అందులో ఉన్నారు. వెనుక ఆ లోయ సున్నపురాతి కొండలు. స్విట్జర్లాండ్‌లో ప్రవాసంలో 1877లో మరణించిన ఆయన అవశేషాలు 1919లో ఒర్నాన్‌కు చేరాయి. ఇక్కడ ఊరిని మొదటి వాక్యంలో పెట్టి ఊరుకుంటే వ్యాసం చచ్చిపోతుంది. ఊరే వ్యాసానికి వెన్నెముక కావాలి.

శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ విషయంలో ఇంకో చిక్కు. 1822లో పుట్టింది దోల్‌లో. తోళ్లు ఊనే తండ్రి వెంట చిన్నప్పుడే ఆర్బ్వా చేరారు. ‘దోల్‌వాసి’ అని రాస్తే కాగితం ప్రకారం సరే, ఆయన మనసు మాత్రం ఆర్బ్వాది. పారిస్‌లో స్థిరపడ్డాక కూడా సెలవులకు అక్కడికే వచ్చేవారు. దగ్గర్లో ద్రాక్షతోట కొన్నారు. 1878లో కాయ పండకముందే కొన్ని తీగలను గాజు గదిలో మూసి, గుత్తులకు దూది చుట్టించారు. ఆ పళ్ల రసం పులియలేదు. పులిపించే ఈస్ట్ పండు లోపల పుట్టదని, బయటి నుంచి వచ్చి తొక్క మీద వాలుతుందని అలా చూపించారు. ఊరు, పని ఒకే చోట కలిసే ఇలాంటి ఘట్టం కోసమే వెతకాలి. దొరికితే నాలుగు బిరుదులు తీసేసైనా దానికి చోటివ్వండి.

చివరిగా ఒక హెచ్చరిక. శిలాజాల శాస్త్రవేత్త జార్జ్ క్యువియే 1769లో మోంబెలియార్‌లో పుట్టారు. ‘ఫ్రాన్స్‌లోని మోంబెలియార్‌లో’ అని రాశారా, తప్పే. అప్పుడది జర్మన్ రాజ్యమైన వుర్టెంబర్గ్ ప్రభువులది. ఆయన పైచదువూ అక్కడి స్టుట్‌గార్ట్‌లోనే సాగింది. 1793లో గాని ఆ ఊరు ఫ్రాన్స్‌లో కలవలేదు. పుట్టిన ఏడాదిలో ఆ ఊరు ఎవరిదో చూసుకోండి.

అభ్యాసం: ఫ్రాన్స్ జాతీయ గీతకర్త రూజే ద లీల్ 1760లో ఈ ప్రాంతంలోని లోన్-లె-సోనియేలో పుట్టారు, గీతం రాసింది 1792లో స్ట్రాస్‌బర్గ్‌లో. రచయిత మార్సెల్ ఏమే 1902లో పొరుగున బుర్గోన్ ప్రాంతంలోని జ్వాన్యీలో పుట్టి, తల్లి పోవడంతో ఫ్రాంష్-కోంతె పల్లెలో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగారు. ఇద్దరికీ మూడేసి వాక్యాల పరిచయం రాయండి. 2016 జనవరి 1న ఆ రెండు ప్రాంతాలూ ఒకటయ్యాయి. ఏమే పరిచయంలో ఆ సంగతి చెప్పాలో వద్దో మీరే తేల్చుకుని, కారణం పక్కన ఒక ముక్క రాయండి. ఐదో పాఠం వాటితోనే మొదలవుతుంది.