దోమను తట్టుకునే రకం తుంగ్రోను ఆపదు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వరికి దోమ అంటే సుడిదోమే. విజేత (ఎం.టి.యు. 1001) రకం తట్టుకునేది దాన్నే. తుంగ్రో అనే వైరస్ తెగులును మోసేది వేరే పురుగు, పచ్చదీపపు పురుగు. లేత పచ్చగా, రెక్కల చివర నల్లమచ్చతో ఆకు మీదే ఉంటుంది. తాకితే పక్కకి జరుగుతుంది. అందుకే విత్తనం కొనేటప్పుడు "తుంగ్రోను తట్టుకుంటుందా?" అని విడిగా అడగండి. విక్రమార్య తట్టుకునే రకం. సాంబ మసూరి (బి.పి.టి. 5204) లొంగిపోతుంది.

తట్టుకోవడంలోనూ రెండు తీరులున్నాయి. కొన్ని రకాలు పురుగుకే రుచించవు. అయినా వైరస్ అంటడానికి అది కొద్ది నిమిషాలు రసం పీలిస్తే చాలు. పైగా ఒకే రకం ఏళ్ల తరబడి వేస్తే పురుగు దానికి అలవాటు పడిపోతుంది. మొక్కలోనే వైరస్ పెరగనివ్వని రకం నమ్మదగింది.

ఏ రకమైనా ఆకుమడిని (నారుమడిని) వదలొద్దు, లేత మొక్కకి అంటితేనే దెబ్బ పెద్దది. ఆకు (నారు) తీయడానికి 5 రోజుల ముందు, పలచగా నీరుంచి, సెంటుకు 160 గ్రాముల కార్బోఫ్యూరాన్ 3 సి.జి. గుళికలు వేయండి. ఉభాలయ్యాక (నాట్లయ్యాక) వారానికోసారి ఇరవై దుబ్బులు చూడండి. తుంగ్రో వచ్చే చోట దుబ్బుకు 2 పురుగులు కనిపించినా ఆగకండి: లీటరు నీటికి 1.5 గ్రాముల ఎసిఫేట్ 75 ఎస్.పి. కలిపి ఎకరానికి 200 లీటర్లు కొట్టాలి.

మొక్క గిడసబారి, ఆకు కొన నుంచి నారింజ పసుపుకి తిరిగితే నత్రజని లోపమనుకుని యూరియా చల్లేస్తారు. డబ్బు దండగ. తెల్లవారుజామున 6 గంటల లోపు ఆకు కొన 10 సెం.మీ. కోయండి. 100 మి.లీ. నీటిలో 2 గ్రాముల అయోడిన్, 6 గ్రాముల పొటాషియం అయోడైడ్ కలిపి, కోసిన వైపు 3 సెం.మీ. మేర పావుగంట ముంచండి. ముదురు నీలి చారలు పడితే తుంగ్రో అని అనుమానించాలి. పక్కనే ఆరోగ్యంగా ఉన్న ఆకునీ ముంచితే తేడా తెలుస్తుంది.

తెగులు దుబ్బులు పీకే ముందు మందు కొట్టాలి. లేకపోతే కదిలిన పురుగులు పక్క దుబ్బుల మీదకి ఎగిరి వైరస్‌ను అక్కడ దించుతాయి. వైరస్ పురుగు గుడ్ల ద్వారా సంక్రమించదు, పురుగు కుబుసం విడిస్తే పోతుంది. అంటే వచ్చే పంటకి దాన్ని నిలిపి ఉంచేది ముఖ్యంగా కోత తర్వాత దుబ్బుల నుంచి లేచే పిలకలు. ఆకుమడి పోయకముందే వాటిని దున్నేయండి, గట్టు వార మొలిచిన వరిని కూడా.