దాత ఎముకతో మోకాలి మరమ్మతు: ఫోన్ రాకముందు, వచ్చాక

నేను ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్ చేసేది సర్జనే గానీ, ఆ తర్వాత నెలల తరబడి ఆ మోకాలితో కుస్తీ పట్టేది నేనూ పేషెంటూ. మోకాల్లో దాత గ్రాఫ్ట్, అంటే దాత నుంచి తీసిన ఎముక ముక్క, వేయించుకుందామని వచ్చేవాళ్ళకి కూర్చోబెట్టి చెప్పే మాటలే ఇవి.

ముందు ఇది మీకు పనికొచ్చేదేనా చూసుకోండి. మోకాల్లో ఎముకల చివర్లని కప్పి ఉండే గుజ్జుకి రక్తనాళాలు లేవు, అందుకే దెబ్బ తింటే దానంతటది సరిగ్గా మానదు. గుజ్జులో పడ్డ గుంట చిన్నదైతే ఎముకకి సన్నటి రంధ్రాలు పెట్టడం, మీ మోకాల్లోనే బరువు తక్కువ పడే చోటి నుంచి ముక్క తీసి వేయడం లాంటి మార్గాలున్నాయి. గుంట 2 చదరపు సెంటీమీటర్లు దాటితే, ముఖ్యంగా కింద ఎముక కూడా పాడైందంటే, అప్పుడు దాత గ్రాఫ్ట్ మాట వస్తుంది. చనిపోయిన దాత నుంచి తీసిన ఎముకని, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న గుజ్జుతో సహా ఒకే ముక్కగా అమరుస్తారు. వయసులో ఉండి, మిగతా మోకాలు బాగుండి, ఒక్కచోటే పెద్ద గుంట పడ్డవాళ్ళకి ఇది. మోకాలంతా అరిగిపోయినవాళ్ళకీ, రుమటాయిడ్ లాంటి కీళ్ళవాతం ఉన్నవాళ్ళకీ సాధారణంగా వద్దనే అంటారు.

సర్జన్ దగ్గర మొట్టమొదట అడగాల్సింది గ్రాఫ్ట్ గురించి కాదు, కాలు తిన్నగా ఉందా లేదా అని. తుంటి నుంచి చీలమండ దాకా నిలబెట్టి ఎక్స్‌రే తీశారా? దొడ్డికాళ్ళ మనిషికి బరువంతా మోకాలి లోపలివైపే పడుతుంది. ఆ వంకర అలాగే ఉంచి ఎంత మంచి గ్రాఫ్ట్ వేసినా దాన్నీ అదే బరువు నలిపేస్తుంది. అవసరమైతే ఎముక కోసి తిన్నగా చేసే ఆపరేషన్ ముందే గానీ, దాంతోపాటే గానీ చేయాలి. తెగిన లిగమెంటుకీ, ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగితే దానికీ ఇదే లెక్క. ఎమ్మారై చూపించి గుంట ఒక్కదాని గురించే మాట్లాడి పంపించేస్తే, నన్నడిగితే, రెండో అభిప్రాయం తీసుకోండి.

ఇక నిరీక్షణ. కొలత తెలిసిన గుర్తు పక్కన పెట్టి మీ మోకాలికి ఎక్స్‌రే తీస్తారు. ఆ సైజుకి, ఆ వంపుకి సరిపోయే దాత మోకాలు దొరకాలి. దొరికాక ఆస్పత్రి నుంచి మీకు ఫోన్ వస్తుంది. కిడ్నీకి చూసినట్టు టిష్యూ మ్యాచింగ్ సాధారణంగా అక్కర్లేదు, జీవితాంతం మందులూ ఉండవు. గుజ్జు కణాలు దట్టమైన పదార్థంలో కూరుకుపోయి ఉంటాయి కాబట్టి మన రోగనిరోధక కణాలు వాటి దాకా చేరలేవు. ఎముకలోని మూలుగునైతే ఆపరేషన్‌లోనే కడిగేస్తారు.

గ్రాఫ్ట్‌ని గడ్డకట్టిస్తే గుజ్జు కణాలు చచ్చిపోతాయి. అందుకని పోషక ద్రవంలో, 4 డిగ్రీల చలిలో ఉంచుతారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్, బాక్టీరియా పరీక్షలన్నీ ముగిసేసరికి దాదాపు రెండు వారాలు గడుస్తాయి. 28 రోజులు దాటనివ్వకుండా వాడేయాలని చూస్తారు, ఎందుకంటే రోజు గడిచేకొద్దీ బతికున్న కణాలు తగ్గుతుంటాయి. అంటే మీకు ఫోన్ వచ్చాక చేతిలో మిగిలేది కొద్దిరోజులే.

అందుకే సిద్ధం కావడమంతా ఫోన్ రాకముందే. సిగరెట్ మానేయండి, ఎముక అతకడానికి దాన్ని మించిన శత్రువు లేదు. బరువు ఎక్కువుంటే తగ్గించుకోండి. పంటి చీమూ, కాలి మీద పుండూ ఉంటే ఇప్పుడే చూపించుకోండి, ఇన్‌ఫెక్షన్ ఉంటే ఆపరేషన్ వాయిదా పడుతుంది, గ్రాఫ్ట్ మాత్రం ఆగదు. ఊతకర్రలు ముందే తెచ్చుకుని మెట్లెక్కడం దిగడం నేర్చుకోండి. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ ఆపరేషన్ కాలూ ముందు. ఇంట్లో నేల మీద కాలికి అడ్డుపడే చాపలు తీసేయండి.

ఒకసారి థియేటర్‌లో నిలబడి ఈ ఆపరేషన్ చూశాను. దెబ్బతిన్న చోటి మధ్యలో పిన్ను దింపి, దాని చుట్టూ గుండ్రంగా తొలిచి, గడియారంలో 12, 3, 6, 9 ఉండే నాలుగు వైపులా లోతు కొలిచారు. ఆ నాలుగు కొలతలూ నర్సు రాసి పెట్టుకుంది. మొత్తం లోతు 6 నుంచి 8 మిల్లీమీటర్లే. దాత ఎముకలోంచి బిళ్ళ కోసి, నాలుగు వైపులా అవే కొలతలకి చెక్కి, సెలైన్ ధారతో మూలుగంతా పోయేదాకా కడిగారు. తర్వాత వేళ్ళతోనే నొక్కి కూర్చోబెట్టారు. సుత్తి మోతలకి గుజ్జు కణాలు చస్తాయని వీలైనంతవరకు కొట్టరు. స్క్రూ కూడా వేయలేదు, బిగువు మీదే నిలిచింది.

ఆ తర్వాతే అసలు కష్టం. సుమారు ఆరు వారాలు ఆ కాలి మీద బరువు మోపొద్దంటారు, లేదా వేళ్ళు నేలకి తగిలించనిస్తారు. దాత ఎముక సెంట్రింగ్ లాంటిది. మీ ఎముక మెల్లగా దాంట్లోకి పాకి గట్టిపడేదాకా అది కదలకూడదు, దానికి నెలలు పడుతుంది. చిక్కేమిటంటే నొప్పి అంతకంటే చాలా ముందే తగ్గిపోతుంది. అర్ధరాత్రి బాత్రూంకి కర్రల్లేకుండా వెళ్ళేది సరిగ్గా అప్పుడే. కర్రలు మంచానికి చేయి చాచితే అందేంత దగ్గర పెట్టుకోండి.

బరువు వద్దన్నారని కదలిక వద్దనుకోకండి. సర్జన్ చెప్పిన మేరకు మోకాలు వంచి చాపుతూ ఉండాలి, గుజ్జుకి తిండి అందేది ఆ కదలికలో కీలులోని ద్రవం నుంచే. నేను మొదట చేయించేది ఇది: కాలు చాపి కూర్చుని, మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలి వెనకభాగాన్ని పరుపుకేసి నొక్కాలి. తొడకండ బిగిసినప్పుడు మోకాలి చిప్ప తొడవైపు జరగడం కంటికి కనబడాలి. అయిదు లెక్కపెట్టి వదలండి. చిప్ప జరగకపోతే కండ పనిచేయట్లేదన్నమాట, తొడ మీద చేయి పెట్టుకుని మళ్ళీ ప్రయత్నించండి.

పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా, జ్వరంతో పాటు కుట్ల దగ్గర ఎర్రబడి కారినా నాకు కాదు, ఆస్పత్రికి ఫోన్ చేయండి.

పరుగులూ గెంతులూ ఆరు నెలల నుంచి ఏడాది తర్వాతి మాట, అదీ స్కాన్‌లో ఎముక అతికిందని తేలాకే. కొందరు సర్జన్లు గెంతే ఆటలు ఎప్పటికీ వద్దంటారు. తొడ ఎముక చివర వేసిన గ్రాఫ్టులు పదేళ్ళకి పదింట ఎనిమిది దాకా నిలుస్తున్నాయి. చిప్ప మీద వేసినవి అంత బాగా నిలవవు. మధ్యలో మళ్ళీ చిన్న ఆపరేషన్ అవసరమయ్యేవాళ్ళు కూడా తక్కువేమీ కాదు.

గ్రాఫ్ట్ ఎక్కడ వేశారన్నదాన్ని బట్టి నియమాలు మారతాయి. చిప్పకి వేస్తే, కాలు చాపి, మోకాలు వంగకుండా పట్టే బ్రేస్ బిగించి బరువు మోపనిస్తారు గానీ, బరువు మోపినప్పుడు వంచనివ్వరు. పక్కమంచం పేషెంటు నడుస్తున్నాడని మీరూ నడవకండి. డిశ్చార్జి అయ్యేముందే బరువు ఎంత, వంపు ఎన్ని డిగ్రీలు, ఎప్పటిదాకా అన్నది కాగితం మీద రాయించుకుని, ఆ కాగితం మీ ఫిజియోకి ఇవ్వండి.