చర్చి కప్పు మీది వానను చర్చి నేలకే ఇంకించడం: ఇంకుడు గుంత పని

పర్యావరణ దినోత్సవమైన జూన్ 5కు దగ్గరి ఆదివారం చాలా సంఘాల్లో మొక్కలు నాటుతారు. ఆగస్టుకల్లా వాటికి నీళ్లు పోసేవాళ్లుండరు, బోరు ఎండితే పోయడానికి నీళ్లూ ఉండవు. అందుకే నీళ్ల పని ముందు పెట్టుకోండి. మేలో తవ్వి, తొలకరికి సిద్ధంగా ఉంచాలి.

ముందు లెక్క. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే లీటరు నీళ్లు. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న చర్చి కప్పు మీద 1,60,000 లీటర్లు పడతాయి. ఐదో వంతు వృథా పోయినా, 5,000 లీటర్ల ట్యాంకర్లు పాతిక మిగులుతాయి. ఆ నీళ్లన్నీ ఇప్పుడు గేటు దాటి రోడ్డు మీదికి పోతున్నాయి.

గుంతకు పునాది నుంచీ ప్రహరీ నుంచీ కనీసం 10 అడుగులు, సెప్టిక్ ట్యాంకు నుంచి 50 అడుగులు ఎడం ఉండాలి. బోరుకు 10 అడుగుల దూరంలో దొరికితే మరీ మంచిది. బండ్లు నిలిపే చోటు, షామియానా గుంజలు పాతే చోటు వద్దు. నాలుగడుగుల లోతులోనే బండ తగిలితే దాంతో కుస్తీ పట్టకండి, 3 అడుగుల లోతున పొడవాటి కందకం తీయండి. మొరం నేలైతే నీరు బాగా ఇంకుతుంది. జిగట నల్లమట్టిలో గుంత వట్టి తొట్టి అయిపోతుంది. అందుకే తవ్విన గుంత అడుగు భాగంలో చిన్న గుంట తీసి, నీళ్లు పోసి గంట చూడండి. అంగుళం కూడా తగ్గకపోతే చోటు మార్చాలి.

6 అడుగుల పొడవు, వెడల్పు, లోతున తవ్వాక అడుగున 3 అడుగులు 40 ఎం.ఎం. కంకర, దాని మీద అడుగున్నర 20 ఎం.ఎం. కంకర పోయాలి. ఆపైన నైలాన్ జాలీ పరిచి, అడుగు మందాన దొడ్డు ఇసుక వేసి, పై అరడుగు ఖాళీగా వదలాలి. జాలీ లేకపోతే రెండు వానలకే ఇసుక కంకరలోకి జారుతుంది. గోడలకు సిమెంటు పూయకండి, పక్కలనుంచి కూడా నీరు ఇంకాలి. రాళ్లు నిండాక ఇందులో పట్టేది సుమారు 2,400 లీటర్లే. గంటలో 2 సెంటీమీటర్ల వాన కురిస్తే ఆ కప్పు నుంచి 4,000 లీటర్లు వస్తాయి. కాబట్టి రెండు గుంతలు తీసి, మొదటిది నిండితే పొర్లిన నీరు రెండో దానికి పోయేలా పైపు వేయండి.

కప్పు నుంచి 4 అంగుళాల పీవీసీ పైపు దించి, కింద టీ జాయింటు (మూడు నోళ్ల పైపు ముక్క) పెట్టి, ఒక నోరు గుంత వైపు తిప్పి, కింది నోటికి మూత బిగించండి. తొలి రెండు వానల్లో ఆ మూత విప్పి దుమ్మునీళ్లు బయటికి వదలాలి. గుంతకు ముందు రెండడుగుల సిమెంటు తొట్టి కడితే మట్టి, ఆకులు అక్కడే ఆగుతాయి. ఈ తొట్టి ఖర్చు దండగనుకుని మానేసినచోటే గుంతలు తొందరగా పూడుకుపోతాయి.

అబ్రాహాము తవ్వించిన బావులను ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చితే ఇస్సాకు మళ్లీ తవ్వించాడని ఆదికాండము 26లో చదువుతాం. ఆవరణంతా టైల్స్ పరిచి మనమూ పూడుస్తున్నాం. నడకదారి వరకే టైల్స్ వేసి, మిగతాది నేలగా ఉంచండి. పాత బావి ఉంటే చెత్త వేయనివ్వకుండా పూడిక తీయించి, వడకట్టిన వాననీళ్లు అందులోకే మళ్లించండి.

ప్రేమవిందు గిన్నెలు కడిగిన నీళ్లు, బాత్రూం నీళ్లు గుంతలోకి రాకూడదు. సబ్బు, నూనె ఇసుకను మూసేస్తాయి. బాప్తిస్మపు తొట్టి నీళ్లలో బ్లీచింగ్ కలిపితే వాటినీ గుంతకు మళ్లించకండి. బోరు కేసింగ్‌లోకి కప్పు నీళ్లు నేరుగా దించడం పెద్ద తప్పు, మురికి భూగర్భ జలంలో కలిస్తే తీయలేం. సండే స్కూల్ పిల్లలు ఆడే చోటు గనక గుంతపై ఇనుప జాలీ తప్పనిసరి. వాన వెలిశాక రెండు రోజులకు కూడా నీరు నిలిచి ఉంటే దోమలు పెరుగుతాయి, పై ఇసుక మూసుకుపోయినట్టే.

ఈస్టర్ అయ్యాక మేలో ఒక శనివారం యౌవనులు పై రెండంగుళాల ఇసుక తీసి, కడిగి, తిరిగి పరచాలి. మట్టల ఆదివారం ఆకులు కప్పు మీద మిగిలి ఉంటే అవీ ఊడ్చేయాలి. అదే రోజున, మళ్లీ అక్టోబరులో, తాడుకు బరువు కట్టి బోరులో దించి నీరు ఎన్ని అడుగుల లోతున ఉందో కమిటీ రిజిస్టరులో రాయించండి.