శక్తిమంతమైన ఇంజిన్‌కు ఆయిల్ పాన్, ఆయిలింగ్ ఏర్పాటు: ఎంచుకునే పద్ధతి

మలుపులో ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు ఒక్క క్షణం కిందికి జారి మళ్ళీ లేచిందంటే, ఆ క్షణంలో పంపు ఆయిల్‌కు బదులు గాలిని పీల్చిందని అర్థం. నిమిషానికి 7,000 చుట్లు తిరిగే క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) సెకనుకు 116 సార్లకు పైగా తిరుగుతుంది కాబట్టి, ముల్లు అర సెకను పడిపోయినా దాదాపు 58 చుట్లు బేరింగులు సరైన ఆయిల్ పొర లేకుండా బరువు మోసినట్టే. అందుచేత పంపు ఎంత పెద్దదన్న ఆలోచనకు ముందే, బండి ఎటు ఒరిగినా పికప్ (పంపుకు ఆయిల్ అందించే గొట్టం) మూతి చుట్టూ ఆయిల్ నిలిచే పాన్‌ను, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ చేరే తొట్టిని, ఎంచుకోవాలి.

దానికి మొదట బండి చేసే పనిని కాగితం మీద రాసుకోవడం మంచిది. నేరుగా దూసుకుపోయే డ్రాగ్ పందెం బండిలో ఆయిల్ వెనక్కి తోసుకుపోతుంది. అక్కడ సంప్, అంటే పాన్‌లోని లోతైన భాగం, వెనకవైపు ఉండి, పికప్ దాని వెనక గోడకు దగ్గరగా ఉంటే చాలావరకు సరిపోతుంది. కానీ గీత చివర గట్టిగా బ్రేకు పడినప్పుడు అదే ఆయిల్ అంతా ముందుకు పరుగెత్తుతుందన్న సంగతి మరవకూడదు. మలుపుల ట్రాక్ మీద తిరిగే బండికి నాలుగు దిక్కులా రక్షణ కావాలి. మలుపులో పక్కకు లాగే బలం ఒక జీ దాకా, అంటే బరువుకు సమానమయ్యే దాకా, చేరితే ఆయిల్ ఉపరితలం 45 డిగ్రీలు వాలుతుంది. పాన్ వెడల్పు 25 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక అంచుకూ మరో అంచుకూ మధ్య ఆయిల్ మట్టం తేడా 25 సెంటీమీటర్లు ఉండాలి. పాన్‌కు అంత లోతు ఉండదు కాబట్టి ఆయిల్ బ్లాక్ గోడ మీదికి ఎక్కేస్తుంది, పికప్ ఎండిపోతుంది. మామూలు రోడ్డు టైర్ల మీద రాని ఈ కష్టం రేసింగ్ టైర్లు వేసిన రోజు నుంచి మొదలవుతుంది. ఇంజిన్ మారకపోయినా టైర్లు మారితే పాన్ సంగతి మళ్ళీ చూసుకోవాల్సిందే.

లోతు పెంచడం అందరికీ తోచే పరిష్కారం. అయితే లోతైన పాన్ నేలకు దగ్గరవుతుంది, ఇంజిన్ కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్‌కూ స్టీరింగ్ రాడ్లకూ తగిలే ప్రమాదం ఉంటుంది. చోటు లేనప్పుడు సంప్‌ను పక్కలకు రెక్కల్లా వెడల్పు చేసిన పాన్ మేలు. ఆయిల్ పరిమాణం పెరుగుతుంది, మట్టం క్రాంక్‌కు దూరంగా ఉంటుంది. వెడల్పు పెరిగినకొద్దీ ఆయిల్ పక్కలకు ఊగే అవకాశమూ పెరుగుతుంది కనుక, అలాంటి పాన్ లోపల పికప్ చుట్టూ అడ్డుగోడలు కట్టి, వాటిలో ఒకవైపుకే తెరుచుకునే తలుపులు పెట్టి ఉండాలి. కొనేముందు ఆ తలుపులను వేలితో కదిపి చూడండి. లోపలికి తేలికగా తెరుచుకోవాలి, బయటికి తోస్తే గట్టిగా మూసుకోవాలి. బిగుసుకుపోయిన తలుపు గోడతో సమానం. అది ఆయిల్‌ను పికప్ దగ్గరికి కూడా రానివ్వదు.

అల్యూమినియమా, ఉక్కా అన్న వాదన నాకు అంత ముఖ్యంగా కనిపించదు. ఉక్కు పాన్‌కు దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, పోత అల్యూమినియం పాన్ పగులుతుంది. సొట్ట సరిగ్గా పికప్ కింద పడితే ఆయిల్ చుక్క కారకపోయినా పీల్చే దారి మూసుకుపోతుంది కాబట్టి, ఉక్కు పాన్‌కు దెబ్బ తగిలిన ప్రతిసారీ దాన్ని విప్పి చూడాలి.

క్రాంక్ కింద పెట్టే విండేజ్ ట్రే మాత్రం ఖర్చుకు మించి పనిచేస్తుంది. క్రాంక్ బరువు దిమ్మ అంచు మధ్య నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 7,000 చుట్ల దగ్గర ఆ అంచు గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో కదులుతుంది. ఆ గాలికి పైనుంచి కారే ఆయిల్ క్రాంక్ చుట్టూ తాడులా చుట్టుకుని, కొంత శక్తిని తినేసి, నురుగుగా మారుతుంది. ట్రే ఆ ఆయిల్‌ను పట్టి సంప్‌లోకి దించుతుంది. క్రాంక్‌కు అతి దగ్గరగా బిగించే స్క్రేపర్ చుట్టుకున్న ఆయిల్‌ను గీకి పక్కకు తీస్తుంది. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) పెంచిన క్రాంక్ వేసినప్పుడు కనెక్టింగ్ రాడ్ బోల్టులు ట్రేకూ పాన్ గోడకూ తగలవచ్చు. కనుక గాస్కెట్‌తో సహా పాన్‌ను తాత్కాలికంగా బిగించి, ఇంజిన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, ఎక్కడా గీసుకోవడం లేదని నిర్ధారించుకోవాలి.

ఇక పికప్. ఎక్కువ ఇంజిన్లు దెబ్బతినేది ఇక్కడే అని నా అభిప్రాయం. పికప్ జల్లెడకూ పాన్ అడుగుకూ మధ్య 6 నుంచి 9 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. అంతకంటే తక్కువైతే ఆయిల్ లోపలికి రావడానికి దారి ఇరుకవుతుంది, ఎక్కువైతే మట్టం కొంచెం తగ్గగానే గాలి చొరబడుతుంది. కొలిచే పద్ధతి చాలా తేలిక: జల్లెడ మీద మట్టిముద్ద అంటించి, గాస్కెట్ వేసి పాన్ బిగించి, విప్పి, నొక్కుకుపోయిన ముద్ద మందాన్ని వెర్నియర్‌తో కొలవాలి. ఒకసారి నేను లోతైన పాన్ వేసి, పికప్ మాత్రం పాతదే ఉంచేశాను. ఐడ్లింగ్‌లో ప్రెషర్ చక్కగా చూపించిన ఇంజిన్ మొదటి గట్టి బ్రేకుకే ముల్లు పడేసింది. విప్పి చూస్తే జల్లెడకూ పాన్ అడుగుకూ మధ్య రెండు వేళ్ళు దూరాయి. తప్పు నాదే, మట్టిముద్ద పరీక్ష అప్పటి నుంచి మానలేదు. పంపులోకి దిగగొట్టిన పికప్ గొట్టం అదురుకు ఊడిపోకుండా వెల్డింగ్ చుక్క పెట్టించండి, లేదా బోల్టుతో బిగించే పట్టీ ఉన్నది తీసుకోండి. వెల్డింగ్ చేసేముందు పంపులోని ప్రెషర్ రిలీఫ్ వాల్వు (మితిమీరిన ప్రెషర్‌ను వదిలేసేది) స్ప్రింగును తీసేయాలి, లేకపోతే వేడికి దాని బిగువు పోతుంది. గొట్టం లావు కూడా ముఖ్యమే. పంపు ఆయిల్‌ను తన బలంతో లాక్కుంటుందని అనుకుంటాం గాని, నిజానికి పాన్‌లో ఉన్న గాలి ఒత్తిడే, అంటే సుమారు 14.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), ఆయిల్‌ను పంపులోకి నెడుతుంది. సన్నని గొట్టానికి, చల్లని చిక్కటి ఆయిల్‌కు ఆ ఒత్తిడి చాలదు.

పంపు విషయంలో నిమిషానికి ప్రతి వెయ్యి చుట్లకు 10 పీఎస్ఐ అన్న పాత లెక్క ఇప్పటికీ మంచి మొదలే. ఎక్కువ ఆయిల్ ఇచ్చే పంపు కావాలా అన్నది బేరింగుల సందును బట్టి తేలుతుంది. జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంక్ భాగం) వ్యాసంలో వెయ్యో వంతు సందు వాడుక. 60 మిల్లీమీటర్ల జర్నల్‌కు 0.06 మిల్లీమీటర్లు. సందులోంచి కారే ఆయిల్ ఆ సందు ఘనాన్ని (క్యూబ్‌ను) బట్టి పెరుగుతుంది, కాబట్టి 0.06 ను 0.075 చేస్తే అదే ప్రెషర్ దగ్గర దాదాపు రెట్టింపు ఆయిల్ కావాలి. సందు వదులుగా కట్టిన ఇంజిన్‌కు పెద్ద పంపు, చిక్కటి ఆయిల్ న్యాయమే. బిగువుగా కట్టిన ఇంజిన్‌కు అదే పంపు వేస్తే మిగులు ఆయిల్ రిలీఫ్ వాల్వు గుండా తిరిగి పోతూ ఆయిల్‌ను వేడెక్కించడానికీ, శక్తి తినడానికీ తప్ప ఉపయోగపడదు. పెద్ద పంపు పాన్‌ను ఖాళీ చేసేస్తుందని అంటారు గాని, ప్రెషర్ మారనంత వరకు బేరింగులు తమకు పట్టినంతే తీసుకుంటాయి. పికప్ ఎండిపోయిన చోట మాత్రం ఎంత పెద్ద పంపు అయినా గాలినే పీలుస్తుంది.

ఇంత చేసినా మలుపులో ప్రెషర్ నిలవకపోతే రెండు దారులు ఉన్నాయి. మొదటిది ఆయిల్ అక్యుమ్యులేటర్: లోపల పిస్టన్ ఉన్న సిలిండర్, దానికి ఒకవైపు ఆయిల్, మరోవైపు గాలి. గ్యాలరీలో (బేరింగులకు ఆయిల్ తీసుకెళ్ళే దారిలో) ప్రెషర్ తగ్గగానే గాలి నెట్టిన ఆయిల్ బేరింగులకు చేరుతుంది. ఇది కొన్ని సెకన్ల లోటును పూడ్చేదే గాని లోపభూయిష్టమైన పాన్‌కు మందు కాదు.

రెండవది డ్రై సంప్. ఇందులో పాన్ ఆయిల్ నిలవ ఉంచదు. బెల్టుతో తిరిగే పంపు విభాగాలు ఆయిల్‌ను వెంటనే తోడి విడి ట్యాంకులోకి పంపుతాయి, మరో విభాగం ట్యాంకు అడుగు నుంచి ఇంజిన్‌కు ప్రెషర్‌తో ఇస్తుంది. తోడే విభాగాల మొత్తం సామర్థ్యం ప్రెషర్ విభాగం కంటే ఎక్కువ ఉండాలి, ఎందుకంటే అవి ఆయిల్‌తో పాటు గాలినీ మోస్తాయి. ట్యాంకు సన్నగా, పొడుగ్గా ఉండి, తిరిగి వచ్చే ఆయిల్ పైభాగంలో గోడను ఒరుసుకుంటూ సుడి తిరిగితే నురుగు విడిపోతుంది. పాన్ లోతు తగ్గడం వల్ల ఇంజిన్ కిందికి దిగుతుంది. పోర్షె 911, 2006 నాటి కొర్వెట్ జెడ్06 వంటి బండ్లు ఈ ఏర్పాటుతోనే తయారయ్యాయి. క్రాంక్ కేసులో ఏర్పడే వాక్యూమ్ వల్ల పిస్టన్ రింగులు సిలిండర్‌ను బాగా పట్టుకుంటాయి, కానీ మరీ ఎక్కువైతే చిమ్మే ఆయిల్ మీద ఆధారపడే పిస్టన్ పిన్నులు ఎండుతాయి. ఖర్చూ, పైపుల గజిబిజీ, బెల్టు తెగితే ప్రెషర్ మొత్తం పోయే ప్రమాదమూ తలచుకుంటే, రోడ్డు మీద తిరిగే బండికి మంచి అడ్డుగోడలున్న వెట్ సంప్‌నే (పాన్‌లోనే ఆయిల్ నిలిచే మామూలు ఏర్పాటునే) నేను ఎంచుకుంటాను.

ఆయిల్ కూలర్‌ను ఉష్ణోగ్రత చూసి మాత్రమే కొనాలి. పాన్‌లో ఆయిల్ 100 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే బాగుంది. 130 దాటి నిలకడగా ఉంటే కూలర్ కావాలి, అదీ థర్మోస్టాట్‌తోనే. బేరింగ్ పోయిన ఇంజిన్‌లోని కూలర్‌ను కొత్త ఇంజిన్‌కు వాడవద్దు. సన్నని గొట్టాల్లో చిక్కుకున్న లోహపు పొడి ఎంత కడిగినా పూర్తిగా రాదు.

బిగింపులో సీలెంట్ పలచగా వేయాలి. లోపలికి పొంగిన ముక్క ఊడితే నేరుగా జల్లెడకు అడ్డుపడుతుంది. పాన్ మారాక పాత డిప్‌స్టిక్ గీతలు పనికిరావు: పాన్ తయారీదారు చెప్పిన కొలత ఆయిల్ పోసి, ఫిల్టర్ నిండాక, కొత్త గీత గీయాలి. స్టార్ట్ చేసేముందు మీటరులో ప్రెషర్ కనిపించే దాకా పంపును ఆయిల్‌తో నింపి తిప్పాలి. ట్రాక్ మీద మొదటి రోజు ప్రెషర్‌ను రికార్డు చేయండి. ఎడమ మలుపుల్లో మాత్రమే ప్రెషర్ పడుతుంటే ఆయిల్ కుడివైపుకు పారిపోతున్నట్టు. ఆ వైపు అడ్డుగోడ తలుపు సరిగా మూసుకుంటోందో లేదో ముందు చూడాలి.